వెండి మొనల మీద మందు జాడ



టీబీకి మందులు మొదలుపెట్టేటప్పుడు నర్సమ్మ ముందే ఒక మాట చెప్పి పంపుతుంది. మూత్రం నారింజ రంగులో వస్తుంది, చెమటా కన్నీళ్లూ కూడా రంగు తేలవచ్చు, కంగారు పడొద్దు అని. రిఫాంపిసిన్ అనే మందు చేసే పని అది. రోగి మాత్ర వేసుకున్నాడా లేదా అన్నది ఏ యంత్రమూ లేకుండా కంటికే తెలిసిపోతుంది. మందులన్నీ ఇంత నిజాయితీగా ఉండవు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, గుండెకు వాడే డిగాక్సిన్ ఒంట్లో ఎంత ఉన్నా పైకి ఏ రంగూ చూపించవు. మత్తుమందుల సంగతి సరేసరి.

రక్తంలోనో లాలాజలంలోనో మూత్రంలోనో కలిసిపోయిన మందును, కంటికి ఆనని వెండి, బంగారు మొనలున్న చిన్న పలక మీద ఒక చుక్క వేసి, దాని మీద లేజరు కాంతి పడేసి ఆనవాలు పట్టే విద్య ఒకటుంది. ఈవేళ దాని గురించి మాట్లాడుకుందాం.

మందు వేసుకున్నాక ఇంకా లెక్క దేనికి అనిపించవచ్చు. చీటీ మీద డాక్టరు రాసేది మోతాదు. అందులో ఒంట్లో ఎంత నిలుస్తుందన్నది కాలేయం, కిడ్నీలు, వయసు, దానితో పాటు వాడే ఇంకో మందు, ఇవన్నీ కలిసి తేలుస్తాయి. ఫెనిటాయిన్‌నే తీసుకోండి. మిల్లీలీటరు సీరంలో 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉంటే సాధారణంగా బాగా పనిచేస్తుంది. తగ్గితే ఫిట్స్ ఆగవు. పెరిగితే కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది. చిక్కేమిటంటే, ఈ మందును విరగ్గొట్టే కాలేయపు ఎంజైములు ఒక హద్దు దాటాక చేతులెత్తేస్తాయి. అంతవరకూ మోతాదుకు తగ్గట్టు పెరుగుతూ వచ్చిన మట్టం, ఇంకొక్క చిన్న మాత్ర కలిపేసరికి ఒక్కసారిగా ఎగబాకుతుంది. అలా తూలుతున్న మనిషిని చూసి, పొద్దున్నే తాగొచ్చాడని తీర్పు చెప్పేసే వీధులు మనకు కొత్త కాదు.

మెథోట్రెక్సేట్ ఇంకా పదునైన కత్తి. పిల్లలకు వచ్చే ఒక రకం రక్తకేన్సర్‌లో దీన్ని పెద్ద మోతాదులో ఎక్కిస్తారు. ఎక్కించి ఊరుకోకూడదు. 24 గంటలకు, 48 గంటలకు, 72 గంటలకు రక్తం తీసి అది ఎంత దిగిందో చూస్తారు. సురక్షితమైన మట్టానికి దిగేదాకా ల్యూకోవొరిన్ అనే విరుగుడు ఇస్తూనే ఉంటారు. దిగడం ఆలస్యమైతే కిడ్నీలు, ఎముకల మూలుగ దెబ్బతింటాయి. అంటే ఆ మూడు రోజుల్లో ల్యాబ్ నుంచి వచ్చే అంకె మీదే వైద్యమంతా నడుస్తుంది. ఆ అంకె ఇచ్చే పరికరాలు, ముఖ్యంగా ద్రవ క్రొమటోగ్రఫీకి మాస్ స్పెక్ట్రోమీటరు జోడించిన యంత్రాలు, పెద్ద నగరాల్లోని పెద్ద ల్యాబుల్లో ఉంటాయి. ఖరీదైనవి, నేర్పరి మనుషులు కావాలి. చిన్న ఊళ్లో తీసిన రక్తం వాటి దగ్గరికి ప్రయాణం చేసి, ఫలితం మళ్లీ వెనక్కి రావాలి. ఈ ప్రయాణం తప్పించాలన్నదే అసలు ఆశ.

లేజరు కాంతితో మందు ఆనవాలు పట్టే ఈ విద్యకు మూలం 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో పడింది. చంద్రశేఖర వేంకట రామన్, ఆయన శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ కలిసి చేసిన పని అది. రామన్ తండ్రి విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. రామన్ చిన్నతనం, తొలి చదువులు విశాఖలోనే సాగాయి. ఒకే రంగు కాంతిని ఒక ద్రవంలోకి పంపితే, చెదిరి బయటికొచ్చే కాంతిలో దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. అతి కొద్ది భాగం మాత్రం రంగు కాస్త మారి వస్తుంది. అణువులోని బంధాలు కంపించడానికి కాంతి నుంచి కొంత శక్తి పుచ్చుకుని, మిగిలింది వదులుతాయి. రామన్ అంతకుముందే వీణ మీద, మృదంగం మీద భౌతికశాస్త్ర పరిశోధన చేసిన మనిషి. వీణ తీగ బిగువును బట్టి, బరువును బట్టి స్వరం మారినట్టే, బంధం బిగువును బట్టి, దానికి రెండువైపులా ఉన్న పరమాణువుల బరువును బట్టి కంపనం మారుతుంది. ఏ అణువు కంపనాల వరుస దానిది. ఆ వరుస చదివితే అణువు పేరు చెప్పేయవచ్చు. అప్పటి మన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం రామన్ దగ్గర పనిచేసి, తరవాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంటూ ఈ విషయం మీద 1940లో ఒక గ్రంథమే వెలువరించారు. తెలుగువాళ్లకు ఈ శాస్త్రంతో చుట్టరికం అంత పాతది.

ఒక చిన్న మినహాయింపు చెప్పి ముందుకెళ్తాను. మానసిక వైద్యంలో లిథియం వాడేవాళ్లకు కూడా రక్తంలో దాని మట్టం తప్పనిసరిగా చూడాలి. కానీ లిథియం ఒంటరి పరమాణువు. బంధమే లేదు కాబట్టి కంపించేదీ లేదు. ఈ పద్ధతి దాన్ని నేరుగా ఎప్పటికీ చూడలేదు. ప్రతి మందుకూ ఇదే పరిష్కారం అనేవాళ్లు ఎదురైతే లిథియం మాటేమిటని అడగండి.

రామన్ ఫలితానికి పుట్టుకతోనే ఒక బలహీనత ఉంది. ఉజ్జాయింపుగా చెప్పాలంటే కోటి ఫోటాన్లు పడితే ఒకటి రంగు మారి వస్తుంది. సీసాలో నింపిన శుద్ధ ద్రవమైతే ఫరవాలేదు. మిల్లీలీటరులో నానోగ్రాముల మందును వెతకాలంటే ఆ ఒక్క ఫోటాను ఏ మూలకు? అందుకే దాదాపు అయిదు దశాబ్దాల పాటు వైద్యులు దీని వైపు పెద్దగా చూడలేదు.

తలుపు తెరుచుకున్నది అనుకోకుండా. 1974లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఫ్లైష్‌మన్, పాట్రిక్ హెండ్రా, జేమ్స్ మెక్విలన్ అనే ముగ్గురు ఒక వెండి ఎలక్ట్రోడు మీద పిరిడిన్ అనే పదార్థాన్ని రామన్ పద్ధతిలో చూడబోయారు. వెండి నున్నగా ఉంటే దాని మీద పట్టే అణువులు తక్కువని, విద్యుత్తు అటూ ఇటూ పోనిచ్చి ఉపరితలాన్ని గరుకు చేశారు. గరుకైతే వైశాల్యం పెరుగుతుంది, అణువులు ఎక్కువ అంటుకుంటాయి, కాంతి ఎక్కువ వస్తుంది. వాళ్ల ఆలోచన అంతే. కాంతి వచ్చింది, అదీ పుష్కలంగా. సరిపోయిందనుకున్నారు. మూడేళ్ల తరవాత, 1977లో, అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలోని రిచర్డ్ వాన్ డైన్, డేవిడ్ జాన్‌మేర్ లెక్క కట్టి, వైశాల్యం ఎంత పెరిగినా ఇంత కాంతి రాదన్నారు. ఒక్కో అణువు ఇచ్చే కాంతే లక్ష నుంచి పది లక్షల రెట్లు పెరిగిందని తేల్చారు. అదే ఏడాది ఇంగ్లండులోనే కెంట్‌లో ఆల్‌బ్రెక్ట్, క్రైటన్ విడిగా ఇదే మాట చెప్పారు. ఫలితం ఒకరికి దొరికింది, అర్థం వేరొకరికి దొరికింది. ఆ ఫ్లైష్‌మన్ గారే 1989లో గాజు పాత్రలో కేంద్రక సంలీనం సాధించామని ప్రకటించి ప్రపంచమంతా గగ్గోలు పుట్టించారు. అది నిలబడలేదు. గరుకు వెండి మాత్రం నిలబడింది.

కాంతి అన్ని రెట్లు పెరగడానికి కారణం వెండిలో, బంగారంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు. మైకేల్ ఫారడే 1857 నాటికే బంగారాన్ని అతి సన్న కణాలుగా నీటిలో తేల్చి, అది పసుపుగా కాక మాణిక్యం రంగులో కనబడుతుందని చూపించాడు. గర్భ నిర్ధారణకు ఇంట్లో వాడే స్ట్రిప్ మీద ఎర్ర గీత పడుతుంది చూశారా, వాటిలో చాలావాటికి ఆ ఎరుపు బంగారు నానోకణాలదే. కాంతి తగలగానే ఆ కణంలోని ఎలక్ట్రాన్లన్నీ ఒక్క ఊపున అటూ ఇటూ ఊగుతాయి. కణం మొన దగ్గర, ఇంకా ముఖ్యంగా రెండు కణాల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల సందులో, కాంతి క్షేత్రం కుప్పపడుతుంది. నానోమీటరు అంటే ఎంతో ఊహకు అందదు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. ఆ సందులో ఇరుక్కున్న అణువు మీద కాంతి పడేటప్పుడు ఒకసారి, దాని నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి బలం పుంజుకుంటుంది. అందుకే లెక్క దాదాపు నాలుగో ఘాతంలో నడుస్తుంది. క్షేత్రం పది రెట్లు పెరిగితే కాంతి పదివేల రెట్లు. క్షేత్రం వంద రెట్లయితే పది కోట్ల రెట్లు. కోటిలో ఒకటి అని ఇందాక దిగులుపడ్డ లెక్క ఇక్కడ తిరగబడుతుంది. ఈ రంగంలో వాళ్లు దీన్ని పొట్టిగా సెర్స్ అంటారు. 1997లో రెండు బృందాలు విడివిడిగా ఒకే ఒక్క అణువును ఇలా చూశామని ప్రకటించాయి.

ఇక్కడ నాకో అభ్యంతరం ఉంది. అలా చూసిన అణువులు రంగులు, అద్దకానికి పనికొచ్చే జాతివి. అవి వెండికి ఇట్టే అంటుకుంటాయి, కాంతికి ఇట్టే స్పందిస్తాయి. ఇప్పటికీ కొత్త ఉపరితలం తయారుచేసిన ప్రతి బృందమూ ముందు రోడమిన్ అనే గులాబి రంగుతోనే తన గొప్ప చూపిస్తుంది. రోగి రక్తంలో రోడమిన్ ఉండదు కదా.

ఉపరితలాలు చేసే తీరులో నాకు బాగా నచ్చినది డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆన్యా బోయిసెన్ బృందం చేసింది. 2012లో ప్రచురించారు. సిలికాన్ పలకను ప్లాస్మాతో తొలిస్తే అచ్చు అవసరం లేకుండానే దాని మీద సన్నని స్తంభాలు అడవిలా లేస్తాయి. ఒక్కో స్తంభం తల మీద వెండి ఆవిరి పట్టిస్తారు. దాని మీద రోగి నమూనా చుక్క వేసి ఆరనిస్తారు. నీరు ఆవిరవుతూ పోయేటప్పుడు దాని తలతన్యత పక్కపక్క స్తంభాలను లాగి, తలలు ఒకదానికొకటి ఆనుకునేలా వాలుస్తుంది. అంతదాకా విడివిడిగా ఉన్న వెండి తలల మధ్య సందు ఏర్పడేదే అప్పుడు. ఆ సందులో మందు అణువులు చిక్కుబడి ఉంటాయి. ముందే సందు చేసిపెడితే అణువు దూరడం కష్టం. అణువు వచ్చాక సందు మూసుకుంటే దానికి తప్పించుకునే దారి లేదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. ఇలాంటి పలకల మీదే ఆ బృందం మెథోట్రెక్సేట్‌ను సీరంలో కొలవడానికి పూనుకుంది.

దారులు వేరేవీ ఉన్నాయి. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఇయాన్ వైట్ బృందం వెండి కణాల సిరాను మామూలు ఇంక్‌జెట్ ప్రింటరుతో కాగితం మీద అచ్చువేసింది. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సోమ వేణుగోపాలరావు బృందం ఫెమ్టోసెకండు లేజరుతో లోహాన్ని చెక్కి ఉపరితలాలు చేస్తుంది. వాళ్ల గురి ప్రధానంగా పేలుడు పదార్థాల మీద. వెతికే వస్తువు వేరైనా ఉపరితలం చేసే విద్య ఒకటే.

ఇంతవరకూ వింటే పని అయిపోయినట్టే ఉంటుంది. నీటిలో కలిపిన మందును చూపించడం వరకే అయితే నిజంగానే అయిపోయింది. కష్టమంతా నీరు పోయి రక్తం వచ్చేసరికి మొదలవుతుంది. మిల్లీలీటరు సీరంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను ఒక్కటే సుమారు 40 మిల్లీగ్రాములు. అదే మిల్లీలీటరులో డిగాక్సిన్ ఉండవలసింది ఒక నానోగ్రాము. ఒకదానికి నాలుగు కోట్ల రెట్లు ఇంకొకటి. వెండి ఉపరితలం మీద చోటు పరిమితం. ముందుగా వచ్చి కూర్చునేది ప్రొటీను. మందు చేరేసరికి ఖాళీ ఉండదు, ప్రొటీను మీద నిలబడితే కాంతి బలం అందదు. ఎందుకంటే ఆ బలం ఉపరితలం నుంచి కొద్ది నానోమీటర్ల లోపలే. అందుకే ముందు ప్రొటీనును వేరుచేయాలి. వడపోయవచ్చు, గడ్డకట్టించి తిప్పవచ్చు, కాగితం మీద పాకనిచ్చి విడదీయవచ్చు. మూత్రానికి వచ్చేసరికి ఇంకో చిక్కు. యూరిక్ ఆమ్లం వెండికి బాగా అంటి, గట్టిగా కనబడుతుంది. పోనీ మందే ముందుగా అంటుకుంటుందా అంటే, అది దాని స్వభావాన్ని బట్టి. గంధకమో నత్రజనో తగిన చోట ఉన్న అణువులు లోహాన్ని ఇష్టపడతాయి. గంజాయిలోని టీహెచ్‌సీ నీటిలో సరిగా కరగదు, లోహానికీ సులువుగా దగ్గరకు రాదు.

లాలాజలం మీద నాకు ఎక్కువ నమ్మకం. సూది అక్కర్లేదన్నది చిన్న కారణం. పెద్ద కారణం వేరే ఉంది. ఫెనిటాయిన్‌లో దాదాపు 90 శాతం రక్తంలో ఆల్బుమిన్‌ను పట్టుకుని ఉంటుంది. మెదడు మీద పనిచేసేది మిగిలిన 10 శాతమే. లాలాజలంలోకి వడిసి వచ్చేది కూడా ఆ విడి భాగమే. తిండి చాలని మనిషికి, కాలేయ జబ్బుతో ఉన్నవాడికి ఆల్బుమిన్ తక్కువ. వాళ్ల రక్తంలో మొత్తం మందు మామూలుగానే కనబడుతుంది, విడిగా తిరిగేది మాత్రం ఎక్కువ. రిపోర్టు బాగుంటుంది, మనిషి తూలుతుంటాడు. పోషకాహారం కొరవడిన మన జిల్లాల్లో ఇది పుస్తకాల్లో చదివి వదిలేసే విషయం కాదు.

ఇందాక పిరిడిన్ పేరు చెప్పాను. టీబీకి వాడే ఐసోనియాజిడ్‌లో ఉన్నది ఆ పిరిడిన్ వలయమే. 1974లో వెండి మీద తొలిసారి వెలిగిన నిర్మాణాన్ని మన దేశంలో లక్షలాది రోగులు మింగుతున్నారు. ఐసోనియాజిడ్‌ను కొందరి కాలేయం వేగంగా మారుస్తుంది, కొందరిది నెమ్మదిగా. అది వంశపారంపర్యం. నెమ్మదిగా మార్చేవాళ్లలో మందు పేరుకుని కాళ్లూ చేతులూ తిమ్మిర్లెక్కే ప్రమాదం ఎక్కువ. మూత్రంలో ఐసోనియాజిడ్ ఉందో లేదో రంగు మార్చి చెప్పే పరీక్షలు ఇప్పటికే ఉన్నాయి. ఎంత ఉందో చెప్పేది కావాలి.

ఆ 'ఎంత' దగ్గరే ఈ పద్ధతికి అసలు గండం. పలక మీద ఒకచోట సందు రెండు నానోమీటర్లు, పక్కనే మూడు. నాలుగో ఘాతం లెక్కలో ఆ చిన్న తేడా పెద్ద తేడాగా బయటపడుతుంది. ఒకే చుక్క, రెండు చోట్ల చూస్తే రెండు అంకెలు. పైగా వెండి గాలిలోని గంధకానికి నల్లబడుతుంది. ఈ అంకెల తేడాకు రసాయనజ్ఞులు వేసిన ఎత్తు ముచ్చటైనది. కొలవాల్సిన మందునే, అందులోని హైడ్రోజన్ తీసి దాని బరువైన రూపం డ్యుటీరియం పెట్టి, తెలిసిన మోతాదులో నమూనాలో కలుపుతారు. రెండూ ఒకే మందు కాబట్టి వెండికి ఒకేలా అంటుకుంటాయి. బరువు మారింది కాబట్టి కంపనం వేరుగా పలుకుతుంది. రెండింటి నిష్పత్తి చూస్తే చాలు, సందు రెండైనా మూడైనా లెక్క చెడదు.

ఇక పోలీసుల కోణం. దీనికే ఎక్కువ ప్రచారం వస్తుంది. కాలిఫోర్నియాలో శాంటా బార్బరా శాస్త్రవేత్తలు 2013లో లాలాజలంలో మెథాంఫెటమైన్‌ను సన్నని కాలువల్లో వెండి కణాలతో కలిపి నిమిషాల్లో చూపించారు. ఇప్పుడు వాడే యాంటీబాడీ స్ట్రిప్పులు అణువు ఆకారాన్ని తడిమి చూస్తాయి. పోలిక ఉన్న జలుబు మాత్రకు కూడా ఒక్కోసారి మోసపోతాయి. కంపనాలు చదివే పద్ధతి అంత తేలిగ్గా మోసపోదు. కానీ అది చెప్పేది అణువు పేరు మాత్రమే, అది ఒంట్లోకి వచ్చిన దారి కాదు. గసగసాల గింజలకు నల్లమందు పాలు అంటి ఉంటాయి. మాంసం కూరలో అవి ఎక్కువ పడితే మూత్రంలో మార్ఫిన్ కనబడవచ్చు, అది నిజమైన మార్ఫినే. అమెరికా ప్రభుత్వం తన ఉద్యోగుల పరీక్షల్లో ఈ గొడవ పడలేక 1998లో హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. యూఏఈ లాంటి దేశాలు గసగసాలు తేవడాన్నే నిషేధించాయి. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్ల సంచుల్లో మసాలా పొట్లాలు సర్దే ఇంటివాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. హెరాయిన్ తీసుకుంటే మాత్రమే మిగిలే ఇంకో అణువు ఉంది. దాన్ని కూడా వెతికితే తప్ప, ఎంత సూక్ష్మమైన వెండి మొన అయినా వంటింటినీ నేరాన్నీ విడదీయలేదు. కాబట్టి రోడ్డు పక్కన వచ్చే ఫలితం అనుమానానికి ఆధారం కావచ్చు గాని, శిక్షకు కాదు. నన్నడిగితే ఈ పలకలు ముందు కేన్సర్ వార్డుకు, ఫిట్స్ క్లినిక్‌కు వెళ్లాలి. చెక్‌పోస్టుకు తరవాత. ఆసుపత్రిలో తప్పొస్తే ఇంకోసారి చుక్క వేసి చూస్తారు. చెక్‌పోస్టు దగ్గర తప్పొస్తే ఒక మనిషి లాకప్పులో ఉంటాడు.

ఇంకో సంగతి ఈ పరిశోధకులు తక్కువగా మాట్లాడుతున్నారు. యాంటీబాడీ స్ట్రిప్ మనం అడిగిన ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. కంపనాల వరుస అలా కాదు. ఆ పలకకు అంటిన అణువులన్నిటి ఆనవాళ్లూ ఒకే గ్రాఫులో నమోదవుతాయి. మత్తుమందు కోసం డ్రైవరు లాలాజలం చూసిన కంపెనీ, ఆ గ్రాఫు దాచుకుంటే, రేపు మెరుగైన సాఫ్ట్‌వేరు వచ్చాక అతను మానసిక వైద్యానికి ఏ మాత్ర వాడుతున్నాడో కూడా వెతకవచ్చు. మనిషి అనుమతి లేకుండా హెచ్ఐవీ పరీక్ష చేయకూడదని మన దేశపు 2017 చట్టం చెబుతోంది. ఒక పరీక్షకు ఒప్పుకున్న మనిషి గ్రాఫులోంచి ఇంకో పరీక్ష ఫలితం తవ్వితే దాన్నేమనాలి? అంకె రాసుకుని గ్రాఫు చెరిపేయమంటే రోగి గుట్టు నిలుస్తుంది. కానీ కోర్టులో నిందితుడి తరఫు లాయరు మళ్లీ సరిచూడాలంటే ఆ గ్రాఫే కావాలి. ఆసుపత్రికి ఒక నియమం, కోర్టుకు ఇంకో నియమం పెట్టుకోవలసి వస్తుందని నాకనిపిస్తుంది. పరికరాలు బజారులోకి దిగకముందే ఆ నియమాలు రాసిపెట్టుకోవాలి.